అచ్చు పొట్లం, పూత పొట్లం

ఏప్రిల్ 4

బరువులు ఎత్తొద్దని అత్త చెప్పింది. ఈ డైరీ బరువు లేదు. నిరుటిది. ఈయనకు ఎవరో ఇస్తే అలమరలో పడి ఉంది. వారాల పేర్లు కలవవు, తేదీ ఒక్కటే నమ్ముకోవాలి.

ఈ ఇంట్లో తెలుగు గడగడా చదివేది మావయ్య ఒక్కరే, ఆయన పరాయి వస్తువు ముట్టుకోరు. ఈయన కూడబలుక్కుని చదువుతారు. ఆడపడుచు ప్రత్యూష కాలేజీలో చదువుతోంది, కానీ బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు అక్షరాలు సగమే వచ్చు. అత్తకు చదువే లేదు. అందుకని ధైర్యంగా రాసుకోవచ్చు. నాది ఏడో తరగతి చదువు, పాలకొండ దగ్గర మా ఊళ్ళో. అంతకు ముందూ ఆ తర్వాతా ఇంత రాసింది లేదు.

మార్చిలో నాకు మూడో నెలలో పోయింది. రాసేశాను. ఇంక దాని గురించి రాయను.

ఏప్రిల్ 6

రాయనన్నాను గానీ డాక్టరమ్మ అన్న మాట మర్చిపోకుండా రాసిపెట్టుకోవాలి. ఆమె హిందీలో చెప్పింది, ఈయన ఆటోలో తెలుగులో చెప్పారు. తొలిసారి ఇలా పోవడం చాలామందికి జరుగుతుందట. కానీ లోపల కారణమేదైనా ఉంటే మళ్ళీ మళ్ళీ అలాగే అవుతుందట. రెండు నెలలు ఆగి రక్తపరీక్షలు చేయిస్తే తెలుస్తుందట.

లోపల అంటే ఏమిటని నేను అడగాల్సింది. హిందీ అర్థమవుతుంది, నోట్లోంచి రాదు. ఈయనను అడుగుదామనుకునేసరికి డ్యూటీకి పిలుపు వచ్చింది. గూడ్సు బండి మీద కట్నీ వైపు వెళ్ళారు.

ఏప్రిల్ 9

మావయ్య రైలింజన్ల షెడ్‌లో రిటైరయ్యాక ఇంటి ముందు గదిలో కొట్టు పెట్టారు. ఉస్లాపూర్ స్టేషన్‌కు పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ సబ్బులు, బిస్కట్లు కొంటారు. నేను లోపలి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను.

"ఏటమ్మా, తోచడం లేదా? ఇలా రా, నీకో తమాషా సూపిస్తాను."

గల్లా పక్కన బిస్కట్ల డబ్బా ఉంది. దాంట్లో చిల్లరలో తేడాగా కనిపించిన నాణేలన్నీ ఆయన దాచుకుంటారు. ఒక రూపాయి తీసి, షెడ్‌లో ఉన్నప్పటి భూతద్దంతో సహా నా చేతిలో పెట్టారు. అంకె మీదినుంచి అంచుదాకా ఒక సన్నని గీత.

"గీసిన గీతా, పుట్టిన గీతా?"

చూస్తే తెలియలేదు. గోరుతో తడిమాను. "లేచి ఉంది మావయ్యా."

"అచ్ఛా! గోరుతో సూసినావు. మీ ఆయన ఇరవై ఏళ్ళొచ్చినా కళ్ళతోనే సూసేవోడు. మేకుతో గీస్తే గుంట పడతాది. ఇది లేసింది. అంటే తప్పు నాణేనిది కాదు, దాన్ని గుద్దిన అచ్చుది. అచ్చు పగిలితే, ఆ పగుల్లోకి లోహం దూరి నాణెం మీద ఇలా గీతై లేస్తాది."

"ఈ ఒక్కదానికేనా?"

"ఒక్కదానికేటి? ఆ అచ్చు మార్చేదాకా గుద్దినవాటన్నిటికీ. అదే సోట."

షెడ్‌లో ఆయన పని కూడా పగుళ్ళు వెతకడమేనట. ఇంజను సామాను మీద ఎర్రరంగు పూసి, తుడిచి, తెల్లమందు చల్లితే, కంటికి కనపడని పగులు ఎర్రగా బయటికి వస్తుందట. చాలాసేపు చెప్పారు. మనుషులక్కూడా అలాంటి రంగు ఉంటే బాగుండును.

అచ్చును హిందీలో ఏమంటారని అడిగాను. సాంచా అంటారట.

ఏప్రిల్ 10

గుద్దినవాటన్నిటికీ. అదే చోట.

ఏప్రిల్ 16

భూతద్దం మావయ్య నాకే ఇచ్చేశారు. పొద్దున గల్లాలో చిల్లర ముందేసుకుని కూర్చుంటే మధ్యాహ్నం అవుతున్నట్టే తెలియదు. ఇన్నాళ్ళూ రూపాయంటే రూపాయే అనుకున్నాను. ఒకదాని మీద సింహం పళ్ళు అరిగిపోయాయి. ఒకదాని అంచు ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. ఒకటి రైలు కింద పడి అప్పడమైంది. ఎవరి పిల్లలో పట్టాల మీద పెట్టి ఉంటారు. అది లోపం కాదు, అల్లరి.

అత్త పెరట్లో గోడవార ఉన్న అంటుమామిడి దగ్గర నిలబడి, "ఈ ఏడు పూత నిలవలేదు" అంది. చెట్టుతోనే అంది. నేను గిన్నెలు తోముతున్నాను. నాకు వినపడేలాగే అంది.

ఏప్రిల్ 20

ఇవాళ గల్లాలో బంగారం రంగు రూపాయి దొరికింది!

మావయ్య దాన్ని వెలుతురుకు పట్టి చూశారు. "రూపాయి ఇత్తడితో కొట్టరే! తప్పుడు లోహం మీద అచ్చు పడిందేమో!" ప్రత్యూష వెంటనే ఫోన్ తీసి నాన్నకు చూపించింది. "పాపా, యూట్యూబ్‌లో ఒకాయన చెప్పాడు, ఇలాంటిదానికి లాఖోఁ మే, లక్షల్లో ఇస్తారంట!" అంది.

"ఆడికి ముందు మనమే ఫీజు కట్టాలంటాడే, ఆడేనా?"

"హాఁ, ఆయనే."

"అచ్ఛా. ఫోను మూసీ."

తర్వాత పాత రేడియోలోంచి పీకిన అయస్కాంతం తెచ్చారు. రూపాయి టక్కున అతుక్కుంది. ఇత్తడి అతుక్కోదట. మావయ్య మొహం వేలాడిపోయింది. "లోపల మామూలు స్టీలేనమ్మా. పైన ఎవడో బంగారం పూత ఎయించినాడు. ఎందుకేయించినాడో ఆ మారాజు!"

నాకు మాత్రం బాధ కలగలేదు. పూత అయితే ఇంకా బాగుంది. ఎందుకు వేయించారో, ఎవరు వేయించారో, ఉస్లాపూర్‌లో మా కొట్టుకు ఎలా వచ్చిందో.

ఏప్రిల్ 21

భూతద్దంలో చూస్తే సింహం తలపైన, అంచుకు ఆనుకుని, ఒక బొడిపె ఉంది. అచ్చులో చిన్న ముక్క ఊడినా ఇలా బొడిపె వస్తుందట. పూత సరిగ్గా పట్టక పొంగినా వస్తుందట. ఎలా తెలుసుకోవాలని మావయ్యను అడిగాను.

"పూత పొంగు బోలుగా ఉంటాది. పిన్నీసుతో నొక్కితే పాల మీది మీగడలా ముడత పడతాది. అచ్చు బొడిపె గట్టిగుంటాది. ఇంకోటి, పూత పొంగు దేనికదే. ఒకదానికి ఇక్కడైతే ఇంకోదానికి అక్కడ. అచ్చు తప్పయితే..."

"అన్నిటికీ అదే చోట."

"మరే. నాకన్నా నీకే బాగా వొచ్చీసినాది."

పిన్నీసుతో నొక్కాను. పైన ముడత పడింది. లోపల గట్టిగా తగిలింది. అటూ కాదు, ఇటూ కాదు.

ఐరన్ మాత్రలు వచ్చిన కాగితం కవర్లు రెండు ఖాళీగా ఉన్నాయి. ఒకదాని మీద అచ్చు అనీ, ఒకదాని మీద పూత అనీ రాశాను. బంగారం రూపాయిని పూత పొట్లంలో వేశాను. పూతే అయ్యుంటుంది.

ఏప్రిల్ 28

ఈయన రెండు రాత్రులు ఇంట్లోనే ఉన్నారు. భూతద్దం తీసుకుని నా అరచేయి చూశారు. "ఇదేంటి, నీ చేతిలో ఇన్ని గీతలు?" అన్నారు. నవ్వించడానికే అన్నారు. నవ్వాను. టెస్టులకు ఎప్పుడు వెళ్దామన్నారు. ఎండలు తగ్గాక అన్నాను. ఎండల్లో రక్తం ఇవ్వకూడదని ఎవరో చెప్పారు. ఎవరో గుర్తులేదు.

ఆయన సరే అని భూతద్దం కింద పెట్టేశారు. ఆయనకూ భయమేనేమో.

మే 2

ఇంకో బంగారం రూపాయి. సింహం తలపైన, అంచుకు ఆనుకుని, బొడిపె.

మే 5

మూడోది. అదే చోట.

మే 6

ఎండ బాగా ముదిరింది. అన్నం సహించలేదు. ఎండకే.

మే 7

మూడూ వరసగా పెట్టి మావయ్యకు చూపించాను. భూతద్దం పెట్టుకుని ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూశారు. "అచ్ఛా... మూడిటికీ అక్కడే. అయితే అచ్చేనమ్మా." ఆయనకది మామూలు మాట. బీడీ వెలిగించుకుంటూ అన్నారు.

మూడింటినీ పూత పొట్లంలోంచి తీసి అచ్చు పొట్లంలో వేశాను.

మే 11

అత్త ఈమధ్య నాతో తక్కువ మాట్లాడుతోంది. పొద్దున్నే కొట్టు ఊడ్చి, గల్లాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోతుంది, మళ్ళీ రోజంతా అటు రాదు. తర్వాత నేను వెళ్ళి చిల్లర చూస్తాను. ఇవాళ ఏమీ దొరకలేదు. దొరకనందుకు హాయిగా ఉంది, మళ్ళీ రేపు చూడాలనీ ఉంది.

పాత రూపాయిలన్నీ ఒక్కొక్కటే అయస్కాంతానికి పెట్టి చూస్తున్నాను. మరీ పాతవి అతుక్కోవడం లేదు. ఏ యేడు నుంచి అతుక్కుంటున్నాయో కనిపెట్టాలి.

మే 17

ఏడ్చి ఏడ్చి తలనొప్పిగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాయాలి.

మధ్యాహ్నం మావయ్య నిద్రపోతున్నారు, ప్రత్యూష కొట్లో కూర్చుంది. నేను బట్టలు ఆరేసి వచ్చి చూస్తే అచ్చు పొట్లం ఖాళీగా ఉంది.

"ఇందులోవి ఏవి?"

"వదినా, ఛుట్టా... చిల్లర లేదు కదా, ఇచ్చేశాను. బోద్రీ కోర్టులో పనిచేసే ఆ గుమాస్తా అంకుల్ లేడూ, ఆయన రోజూ పెద్ద నోటే తెస్తాడు."

"ఈ పొట్లంలోవి ఎందుకు తీశావు?"

"నువ్వే రాశావు కదా!" కవరు నా మొహం ముందు పెట్టి అక్షరాల కింద వేలు పెట్టింది. "అ... చ్చ... అచ్ఛా. అచ్ఛా వాలే. మంచివి ఇందులో, ఖరాబ్‌వి రెండోదాంట్లో. మంచివే ఇచ్చాను. ఖరాబ్‌వి ఎవరు తీసుకుంటారు?"

మావయ్య లేచి వచ్చి సంగతి విని, గోడ పట్టుకుని నవ్వారు. "కొమ్మే అది, దీర్ఘమనుకున్నావా! బీకామట బీకాం!" ప్రత్యూష కూడా నవ్వింది. నాకూ నవ్వు రావాలి. ఏడుపు వచ్చింది. ఆపుదామంటే ఆగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయాను.

అత్త వెనకే వచ్చింది.

"ఏటే పెసూనా, సిల్లరకేటి అలా ఏడుస్తావు?"

"చిల్లర కాదు అత్తా. అందులో బంగారం పూత రూపాయిలు ఉన్నాయి. మూడు."

అత్త పొయ్యి మీద పాలు దించింది. మళ్ళీ ఎక్కించింది.

"ఓలమ్మా. అవి నువ్వు ఏరి దాస్తన్నావేటి?"

"గల్లాలో దొరికాయి."

"దొరకడమేటి, నానే ఏసినాను. జనంతో పాటు పోతాయని ఏస్తే, నాను ఏసినవేసినట్టే నువ్వు ఏరి దాసీసినావా!"

అప్పుడు చెప్పింది. నేను నెల తప్పానని తెలిసిన వారమే గోల్‌బజార్‌లో పాలిష్ కొట్టుకు వెళ్ళిందట. మావయ్యకు తెలియకుండా కొత్త రూపాయిలు ఇచ్చి, ఒక్కోదానికీ పైన చిన్న కొంకీ అతికించి బంగారం పూత వేయమందట. పుట్టే బిడ్డకు మొలతాడుకు గుచ్చడానికి.

"ఆ కొట్టోడు ముందే సెప్పినాడు, స్టీలు మీద పూత నిలవదమ్మా అని. నాను ఇంటేనా? బిడ్డ పుట్టకముందే సొమ్ము సేయించకూడదని మాయమ్మ సెప్పేది. అదీ ఇన్లేదు. తొందరపడ్డాను. సేయించినాను, పోనాది." అత్త పాలవైపే చూస్తూ మాట్లాడింది. "ఇంట్లో ఉంచబుద్ధి కాలేదు. పారేద్దామంటే లచ్చిమి. కొంకీలు ఇరగ్గొట్టీసి పొద్దున్న ఒక్కోటీ గల్లాలో ఏస్తన్నాను. నీకు కనబడకూడదనే, తల్లీ."

"నా వల్ల పోయిందని నువ్వు అనుకుంటున్నావనుకున్నాను" అన్నాను. ఇంత పెద్ద మాట అత్తతో నేను ఎప్పుడూ అనలేదు.

"నీ వల్లేటి? నా వల్ల. ఇన్నాళ్ళూ నీ మొగం సూడలేకే సచ్చిపోతన్నాను."

పాలు పొంగిపోయాయి. ఇద్దరం చూస్తూ ఉండగానే.

సాయంత్రం అత్త బియ్యం డబ్బాలోంచి గుడ్డమూట తీసి నా ఒళ్ళో పెట్టింది. మిగిలిన రూపాయిలు. కొన్నిటికి కొంకీలు ఇంకా ఉన్నాయి. భూతద్దం పెట్టాను. కొంకీ విరిచినచోట అతుకు మిగిలి బొడిపెలా ఉంది. దాని మీద పూత ముడత. సింహం తలపైన, అంచుకు ఆనుకుని. గుచ్చినప్పుడు సింహం నిలువుగా కనపడాలని అన్నిటికీ అక్కడే పెట్టించిందట.

అన్నిటికీ అదే చోట ఉంటే అచ్చే కానక్కర్లేదు. ఎవరో కావాలని అక్కడే పెట్టి ఉండొచ్చు. ఇది మావయ్యకు కూడా తట్టలేదు.

మే 18

పొద్దున బోద్రీ గుమాస్తా వచ్చాడు. బంగారం రూపాయి బల్ల మీద టప్‌మని కొట్టి, ఈ నకిలీ సిక్కా ఎవరిచ్చారని హిందీలో అరిచాడు. ఆటోవాడు తీసుకోలేదట, నలుగురిలో పరువు పోయిందట. కొట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మావయ్య స్నానానికి వెళ్ళారు. మామూలుగా అయితే లోపలికి పరుగెత్తేదాన్ని.

"నక్లీ నహీ హై" అన్నాను.

నా గొంతే నాకు కొత్తగా వినపడింది. అతను కూడా ఆగాడు.

"ఊపర్ సిర్ఫ్ పాలిష్ హై. అందర్ అస్లీ హై." పైన పాలిషే, లోపల అసలుదే అని అయస్కాంతం తీసి చూపించాను. టక్కున అతుక్కుంది. పీకి, మళ్ళీ పెట్టాను. అతను వంగి చూశాడు. తనే ఒకసారి పెట్టి చూశాడు. జేబులోంచి ఇంకో రూపాయి తీసి అదీ పెట్టి చూశాడు.

"అచ్ఛా... ఎందుకు చేయించారు పాలిష్?"

దానికి నా హిందీ చాలలేదు. "ఘర్ కే లియే" అన్నాను. ఇంటి కోసం.

వేరే రూపాయి ఇవ్వబోతే వద్దన్నాడు. బంగారం రూపాయిని చొక్కా జేబులో వేసుకుని, తన కూతురికి చూపిస్తానని వెళ్ళిపోయాడు. అత్త గుమ్మం వెనక నిలబడి ఉంది. "పోనీ. ఎవరింటికో పోనాది" అంది.

మే 19

ప్రత్యూష పలక కొనుక్కొచ్చింది. అ, ఆలు నేర్పమంది. వాటిని కూడా అచ్చులే అంటారని చెబితే, "మీ తెలుగులో అన్నిటికీ ఒకటే మాటా?" అంది.

మే 25

ఈయనతో చెప్పాను, ఎండలు తగ్గకపోయినా సరే వెళ్దామని. రక్తం ఇచ్చి వచ్చాం. ఎండల్లో ఇవ్వకూడదని ఏమీ లేదన్నారు అక్కడ. నాకూ అలా ఎవరూ చెప్పలేదనే ఇప్పుడు అనుకుంటున్నాను.

జూన్ 3

రిపోర్టు ఇవాళ.

ఈయనా, అత్తా, నేనూ వెళ్ళాం. లోపలికి ఇద్దరినే రమ్మన్నారు. అత్త బయట బల్ల మీద కూర్చుంది. దారంతా రైలుగేటు పడిందని, ఆటోవాడు తప్పుదారి పట్టాడని ఎవరినో ఒకరిని తిడుతూనే ఉంది.

డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, సబ్ నార్మల్ అంది. ఈయన థాంక్యూ మేడమ్ అని లేచారు. నేను లేవలేదు. నార్మల్ అన్నది నాకు చాలలేదు. మామూలు రూపాయి కూడా భూతద్దం పెట్టేదాకా నార్మలే.

కారణం అనే మాటకు హిందీలో ఏమనాలో దారంతా వెతుక్కున్నాను. అక్కడికి వెళ్ళాక అదీ పోయింది. ఉన్నది మావయ్య చెప్పిన మాట ఒక్కటే.

"మేడమ్... సాంచా ఠీక్ హై?"

ఈయన బిత్తరపోయి నావైపు చూశారు. డాక్టరమ్మ "సాంచా?" అంది. నేను పొట్ట మీద చేయి పెట్టుకున్నాను. "సాంచా. ఖరాబ్ హై తో... ఫిర్ సే, ఫిర్ సే..." పాడైతే మళ్ళీ మళ్ళీ అని. నా హిందీ అక్కడికి అయిపోయింది.

ఆమె నవ్వుతుందనుకున్నాను. కలం కింద పెట్టింది. కాగితాలు నావైపు తిప్పి, ఒక్కో పరీక్ష మీదా వేలు పెట్టి, నాకు అర్థమయ్యేంత నెమ్మదిగా హిందీలో చెప్పింది. ఇది చూశాం, బాగుంది. ఇదీ చూశాం, బాగుంది. మొన్న ఎందుకు పోయిందో నాకూ తెలియదు, చాలాసార్లు మాకు తెలియదు. ఇక ఎప్పుడూ జరగదని మాట ఇవ్వలేను. కానీ మళ్ళీ జరుగుతుందనడానికి ఇందులో ఏమీ లేదు. చివర్న తనే ఆ మాట పట్టుకుంది. "సాంచా బిల్కుల్ ఠీక్ హై."

వరండాలోకి వస్తుంటే ఈయన చేయి పట్టుకున్నారు. అందరూ చూస్తున్నారు. వదిలించుకోలేదు.

అత్త లేచి నిలబడింది. కొడుకును అడగలేదు, నన్నే అడిగింది.

"ఏటన్నాది?"

"అచ్చు కాదట అత్తా. పూతే."

అత్త కొంగుతో ముక్కు చీదింది. తర్వాత మెట్లు దిగి, ఉస్లాపూర్‌కు ఎక్కువ అడిగాడని, ఇంకా నోరు తెరవని ఆటోవాడి మీద విరుచుకుపడింది.